రాయదుర్గం నుండి చార్మినారు దాకా

యూరపు ఖండమునకు వెళ్లివచ్చిన మిత్రులు చెప్పే కబుర్లలో ఒక మాట తరచుగా వినబడుతుంది. "అక్కడి పాతనగరాలను చూడడానికి కారు అక్కరలేదండీ, ట్రాము ఎక్కి దిగితే చాలు" అంటారు. ఆ మాట నిజమే. వియన్నా నగరమునే తీసుకొందాము. పాతనగరము చుట్టూ ఉండిన కోటగోడలను తొలగించవలసినదని 1857లో చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చినాడు. ఆ స్థలములో విశాలమైన వలయవీథి ఏర్పడినది. నేడు దానిమీద ట్రాములు తిరుగుతవి. యాత్రికుడు తనకు నచ్చినచోట దిగి, పాతనగరములోనికి నడచిపోతాడు. ఒక పూటలో చూడదగినది చూచుకొని, మళ్లీ ట్రాము ఎక్కి బసకు చేరుకొంటాడు.

ఈ సంగతులు విన్నప్పుడల్లా మాకు ఒక ప్రశ్న తోచేది. నాలుగు వందల ఏండ్లు దాటిన పాతనగరము మన వాకిటనే ఉన్నది గదా! దానిని ఇదే విధముగా, రైలులో కొంత, బస్సులో కొంత, కాలినడకను కొంత, ఒక్క పూటలో చూచివచ్చినవారు మనలో ఎందరు? ముఖ్యముగా మాదాపూరు, కొండాపురం, గచ్చిబౌలి ప్రాంతాలలో ఉద్యోగాలు చేసుకొంటున్న యువతీయువకులలో ఎందరు? ఇటీవల మా పెదతండ్రిగారి మూలమున మాకు అట్టి ప్రయాణము తటస్థించినది. ఆ ముచ్చటే ఈనాటి ప్రసంగము.

మా పెదనాన్నగారికి ఎనుబది దాటినవి. సూర్యాపేట ప్రాంతమువారు. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నారు. 1960 తరువాత రెండేళ్లు హైదరాబాదులో, మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో చదువుకొన్నారు. ఈమధ్య కంటి పరీక్ష కొరకు కొండాపురములో ఉన్న కుమారుని ఇంటికి వచ్చినారు. పరీక్షలో నీటికాసుల జబ్బు అని తేలినది. ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండా వస్తుంది. ముందు ప్రక్కచూపును తినివేస్తుంది, నడిమిచూపును చివరిదాకా వదలిపెడుతుంది. అందుచేత రోగికి తాను చూపు పోగొట్టుకొంటున్నట్లే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. మందు చుక్కలు వేసుకొంటే ఉన్నది నిలుపుకోవచ్చును, అంతే. నలుబది దాటినవారు ఒకసారి కంటి ఒత్తిడిని పరీక్ష చేయించుకొనుట మంచిదని వైద్యులు చెప్పేది ఇందుకే.

పెదనాన్నగారు ఒక కన్ను పూర్తిగా పోగొట్టుకొన్నారు. రెండవ కంట, వెదురు గొట్టములోనుండి చూచినట్లు, సూటిగా ఎదుట ఉన్నది మాత్రము కనబడుతున్నది. ఆయన వైద్యుని మాట నిదానముగా విని, ఇంటికి వచ్చి, "ఊరికి పోయేముందు చార్మినారు చూసిపోతాను" అన్నారు. కుమారుడు, "ఆదివారం కారులో తీసుకుపోతాను నాన్నా" అన్నాడు. "కారులో కూర్చుంటే ఊరంతా ప్రక్క అద్దాల్లోనుంచి పోతుంది. నాకు ప్రక్కచూపు లేదు గదయ్యా! నేను నడిచి, ఎదురుగా నిలబడి చూడాలి" అని ఆయన సమాధానము. ఆ బాధ్యత మా మీద పడినది. మనుమరాలు తానూ వస్తానన్నది. ఆ అమ్మాయి హైటెక్ సిటీలో ఉద్యోగము చేయవట్టి ఆరేళ్లు. చార్మినారును ఒకసారి రంజాను నెలలో, అర్ధరాత్రి, జనసమ్మర్దములో చూచినదట. పగటివేళ చూడలేదు.

ఒక బుధవారము ఉదయము తొమ్మిది గంటలకు రాయదుర్గం మెట్రో స్టేషనుకు చేరుకొన్నాము. శుక్రవారము మక్కా మసీదులో సామూహిక ప్రార్థనలు జరుగుతవి గనుక యాత్రికులు ఆ దినము మానుకొనుట ఉభయతారకము. నాగోలు నుండి వచ్చే మార్గానికి రాయదుర్గం కొస. హైదరాబాదు మెట్రో రైలు 2017 నవంబరు 28న ప్రారంభమైనది. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు 2019 మార్చి 20న, అక్కడి నుండి రాయదుర్గం వరకు అదే సంవత్సరము నవంబరు 29న రైళ్లు నడవసాగినవి.

ఈ బండ్లలో ఒక సదుపాయమున్నది. ఆసనములు గోడల వెంబడి ఉంటవి. కూర్చున్నవానికి ఎదుటి కిటికీ సూటిగా కనబడుతుంది. మా పెదనాన్నగారి చూపునకు ఇంతకంటె అనువైన వాహనము లేదు. ఒక యువకుడు లేచి చోటు ఇచ్చినాడు. ఆయన కూర్చుండి, రెండు చేతులూ కఱ్ఱమీద ఉంచి, ఎదుటి అద్దమువైపు దృష్టి నిలిపినారు. అద్దాల మేడలు ఒకదాని వెనుక ఒకటి జరిగిపోతున్నవి. "ఇదంతా ఏమిటమ్మా?" అని అడిగినారు. "ఇదే హైటెక్ సిటీ, తాతయ్యా" అని మనుమరాలు చెప్పినది. "మా రోజుల్లో మాదాపూరంటే గుట్టలూ ముళ్లకంపలే. ఇటువైపు వచ్చే పనే ఉండేది కాదు" అన్నారు ఆయన. ఆమె చార్మినారు ఎరుగదు, ఆయన మాదాపూరు ఎరుగరు. ఒకే నగరములో ఇద్దరూ ఉండి చెరిసగము చూచినారు.

ఈ మేడలకు మొదటిది సైబర్ టవర్స్. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి దానిని ప్రారంభించినారు. పది అంతస్తుల ఆ గుండ్రని కట్టడము నాడు అందరికీ వింత. నేడు దాని చుట్టూ లేచిన మేడల నడుమ అదే చిన్నదై కనబడుతుంది. ఇరువది అయిదేండ్లు దాటేసరికి కొత్తనగరములో కూడ ఒక పాతకట్టడము ఏర్పడినదన్న మాట. రైలు ఇంకొంచెము ముందుకు పోగా దుర్గం చెరువు స్టేషను వచ్చినది. ఒకప్పుడు గోలకొండ కోటకు నీరు అందించిన చెరువు అది. దానిపై తీగలవంతెన 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైనది. పెద్దమ్మ గుడి, యూసఫ్‌గూడ, మధురానగర్ దాటి అమీర్‌పేటలో దిగినాము.

అమీర్‌పేటలో ఎల్.బి.నగర్ వెళ్లే బండికి మారవలెను. రద్దీవేళ. జనము రెండు వైపులనుండి వచ్చి ఒరసుకొంటూ పోతున్నారు. ఆయనకు ప్రక్కనుండి వచ్చేవారు కనబడరు. తాకిన తరువాత గాని తెలియదు. ఒకరిద్దరు విసుగుకొన్నారు కూడ. మనుమరాలు కుడిచేయి, మేము ఎడమచేయి పట్టుకొని నడిపించినాము. కఱ్ఱ పట్టుకొని తల ఎత్తి సూటిగా నడచే మనిషికి చూపు తక్కువ అని ఎవరికి తోస్తుంది? ఆ పది నిమిషములలో మాకు తెలిసినది ఇది: అట్టివారు ఎదురైనప్పుడు ప్రక్కనుండి కాక ముందునుండి వచ్చి పలుకరించవలెను.

రెండవ బండి పంజాగుట్ట, ఖైరతాబాదు, లక్డీకాపూలు దాటి అసెంబ్లీ స్టేషను చేరినది. అక్కడికి దగ్గరలోనే మన ఆకాశవాణి భవనము. దినమూ అక్కడ దిగిపోయే మేము ఆనాడు దిగకుండా కూర్చున్నాము. నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా వైద్య కళాశాల తరువాత మహాత్మాగాంధీ బస్ స్టేషన్. రాయదుర్గములో ఎక్కినది మొదలు ఇక్కడ దిగువరకు గంటకు లోపే పట్టినది. జూబ్లీ బస్ స్టేషన్ నుండి వచ్చే మూడవ మార్గము కూడ ఇక్కడనే ఆగిపోతుంది. దానిని ఫలక్‌నుమా దాకా తలపెట్టినారు గాని, 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైనది ఇంతవరకే. మిగిలిన భాగానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగినది. మెట్రో వలదనుకొనేవారికి 2003లో మొదలైన ఎం.ఎం.టి.యస్. రైళ్లున్నవి. హైటెక్ సిటీలో ఒక స్టేషను, పాతబస్తీవైపు యాకుత్‌పురా, ఫలక్‌నుమా స్టేషన్లు ఉన్నవి. అయితే కాలపట్టిక చూచుకొని బయలుదేరవలెను.

స్టేషను బయట సిటీ బస్సు ఎక్కినాము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము గదా. కండక్టరు అమ్మాయి గుర్తింపు కార్డు చూచి సున్నా టిక్కెట్టు చించి ఇచ్చినాడు. మా ఇద్దరికి డబ్బులు తీసుకొన్నాడు. "ముగ్గురిలో ఎక్కువ సంపాదించేది నువ్వు. టిక్కెట్టు మాకా!" అని పెదనాన్నగారు నవ్వినారు. అఫ్జల్‌గంజ్‌లో దిగినాము. అక్కడినుండి నడకే అని ఆయన ముందే షరతు పెట్టినారు.

ఎదుట ఉస్మానియా ఆస్పత్రి, దాని ప్రక్క మూసీ. 1908 సెప్టెంబరు 28న ఈ నదికి వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూటఏబదిమంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ తరువాతనే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగినారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు కట్టినారు. నయాపూలు వంతెన మధ్యలో పెదనాన్నగారు ఆగి కుడివైపు తిరిగినారు. నదికి ఆవలి ఒడ్డున హైకోర్టు గుమ్మటములు, దానికి దగ్గరలో సిటీ కాలేజీ. తలను మెల్లగా ఎడమనుండి కుడికి త్రిప్పుతూ, పుస్తకములో పంక్తి చదివినట్లు, గుమ్మటము తరువాత గుమ్మటము చూచినారు. "అన్నీ ఉన్నాయి" అన్నారు. నీటి సంగతి ఏమీ అనలేదు. మూసీ వాసన ఆయనకూ తెలుస్తూనే ఉన్నది.

వంతెన దాటితే మదీనా కూడలి, తరువాత పత్తర్‌గట్టి. వరద తరువాత నగరాభివృద్ధి మండలివారు కట్టించిన రాతి కమానుల అంగళ్లు ఇవి. బట్టలు, ముత్యాలు, అత్తరులు. కమానుల క్రింద నీడ ఉన్నది గాని, అంగడి సామాను సగము దారిని ఆక్రమించుకొన్నది. ఒక తోపుడుబండి ఆయన మోకాలికి తగిలినది. బండివాడు గాభరాపడి, "మాఫ్ కరో, పెద్దాయనా" అంటూ ఒక స్టూలు తెచ్చి వేసి, మంచినీళ్లు ఇచ్చినాడు. ఉర్దూ, తెలుగు కలిసిన ఆ మాటకు పెదనాన్నగారి ముఖము వికసించినది. అరువదేండ్ల క్రిందటి ఉర్దూలో వానితో అయిదు నిమిషాలు మాట్లాడినారు. మనుమరాలు ఆశ్చర్యపడి, "తాతయ్యా, మీకు ఇంత బాగా వచ్చునని మాకు తెలియనే తెలియదు" అన్నది.

మొదట వచ్చేది మఛ్లీ కమాను. నాలుగు కమానుల నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటితొట్టి ఉన్నది. ఆ ప్రక్కనే ఒక ఇంటిలో 2025 మే 18 తెల్లవారుజామున నిప్పంటుకొని పదునేడుగురు మరణించినారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు. ఇరుకు దారి, పాతమేడ, ఒకే మెట్లవరుస. యాత్రికునికి ముచ్చటగా కనబడే సందులు వాటిలో నివసించేవారికి ఎట్లుంటవో మరువరాదు. మేము అక్కడ కొంచెముసేపు మాటలాడకుండా నిలబడినాము.

తరువాత పెదనాన్నగారు, "నన్ను హౌజు దగ్గర, చార్మినారుకు ఎదురుగా నిలబెట్టండి" అన్నారు. నిలబెట్టినాము. అప్పుడుగాని ఆయన అసలు సంగతి చెప్పలేదు. చదువుకొనే రోజులలో ఆయనకు చేతిగడియారము కొనుక్కొనే స్తోమతు లేదట. ఘాన్సీ బజారులో ఒక గదిలో ఉండి, ప్రతి ఉదయము గుల్జార్ హౌజ్ దగ్గరకు వచ్చి, చార్మినారు గడియారము చూచుకొని కాలేజీకి నడిచేవారట. 1889లో నాలుగు ముఖాలకూ అమర్చిన గడియారాలు అవి. "ఇక్కడినుంచే చూసేవాణ్ణి. ఇప్పుడు కనిపిస్తుందో లేదో చూడాలి. కనిపిస్తే ఊరికి పోతాను. కనిపించకపోయినా ఊరికే పోతాను. కాని తెలిసి పోతాను" అన్నారు.

ఆయన గడ్డమెత్తి చూపు నిలిపినారు. మేమిద్దరము ఊపిరి బిగబట్టినాము. మొదట ఏమీ దొరకలేదు. ఆకాశము, ఒక తీగ, గోడ. తల కొంచెము దించి, ఎడమకు జరిపి, మళ్లీ కుడికి. ఒక నిమిషము గడచినది. "పన్నెండుకు పది" అన్నారు. అమ్మాయి తన ఫోను చూచుకొన్నది. పన్నెండుకు పది నిమిషములే. ఆమె కంట నీరు తిరిగినది.

"మరి మీనారులు కనిపిస్తున్నాయా, తాతయ్యా?" అని అడిగినది.

"గడియారం కనిపిస్తే మీనారు కనిపించదమ్మా. మీనారు చూస్తే గడియారం పోతుంది. ఒక్కొక్కటే చూసుకోవాలి." అట్లనే చూచినారు. ఒక మీనారు మొదటినుండి కొసదాకా, దాని తరువాత ఇంకొకటి. ముందువి రెండు, వెనుకవి రెండు. లెక్క పూర్తి అయిన తరువాత, "నాలుగూ ఉన్నాయి" అన్నారు. మొత్తము చార్మినారును ఒక్కసారిగా చూచుట ఇక ఆయనకు సాధ్యము కాదు. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

చార్మినారును మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించినాడు. గోలకొండ కోటలో జనము పెరిగి నీటికి ఇబ్బంది కలుగగా మూసీకి దక్షిణమున క్రొత్త నగరము వెలసినదని చెబుతారు. ఇతని తండ్రి ఇబ్రహీము తెలుగు కవులను ఆదరించినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చినాడు. మీర్ మోమిన్ అనే పండితమంత్రి నగరానికి రూపకల్పన చేసినాడు. గోలకొండ నుండి మచిలీబందరుకు పోయే బాట, నది నుండి దక్షిణమునకు పోయే బాట కలిసే కూడలిలో ఈ కట్టడము నిలిచినది. అంటే చార్మినారు కూడ ఒక ప్రయాణపు కూడలియే. ఈమధ్య దాని చుట్టూ వాహనములను మాన్పించి రాళ్లు పరచినారు. వెనుకటివలె పొగలో ఊపిరాడక నిలబడవలసిన పని లేదు.

పైకి మెట్లున్నవి. పురావస్తుశాఖవారు మొదటి అంతస్తు వరకు పోనిస్తారు. అమ్మాయి ఒక్కతే ఎక్కినది. ఇరుకైన సుడిమెట్లు పెదనాన్నగారికి తగవు. పైనుండి ఆమె చేయి ఊపినది. ఆయన క్రిందనుండి వెదకి వెదకి ఆ చేతిని పట్టుకొన్నారు. దిగివచ్చిన తరువాత, నాలుగు దిక్కులకు నాలుగు బాటలు ఎట్లు పోతున్నవో, ఏ వైపున మక్కా మసీదు ఉన్నదో ఆమె వర్ణించి చెప్పినది. మక్కా మసీదు నిర్మాణము కుతుబ్‌షాహీల కాలములో ప్రారంభమై ఔరంగజేబు కాలమున, 1694లో, పూర్తి అయినది. తాను చూడలేని మొత్తమును ఆమె మాటలలో ఆయన కూర్చుకొన్నారు.

పడమటివైపు లాడ్ బజారు. లక్కను నిప్పులపై మెత్తబరచి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే చిన్న చిన్న అద్దపు రాళ్లు పొదుగుతారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పెదనాన్నగారు జేబులోనుండి ముడివేసిన ఒక దారము తీసినారు. పెద్దమ్మగారి గాజు కొలత అది. ఊరినుండి వచ్చేటప్పుడే తెచ్చుకొన్నారట. ఎఱ్ఱరాళ్ల గాజులు రెండు ఎన్నుకొని, రంగు సరిగా ఉన్నదా అని మనుమరాలిని అడుగక, తామే వెలుతురులో పట్టి చూచి తీసుకొన్నారు. తరువాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. అక్కడినుండి ఆటోలో మెట్రో స్టేషనుకు చేరి, మూడు గంటలకల్లా రాయదుర్గములో దిగినాము.

శ్రోతలలో ఈ ప్రయాణము చేయదలచినవారికి మా అనుభవముమీద నాలుగు మాటలు. ఉదయము తొమ్మిదికి బయలుదేరండి. ఒక పూటలో చార్మినారును, సాలార్‌జంగ్ మ్యూజియమును రెండింటినీ చూడవలెనని ఆశపడకండి. మ్యూజియమునకు మరియొక పూట కావలెను. అఫ్జల్‌గంజ్ నుండి నడవండి. ఇంటిలో పెద్దవారుంటే వారిని వెంట తీసుకొని వెళ్లండి. దారి మీకు తెలియకపోయినా వారికి తెలుసును.

పెదనాన్నగారు మరునాడు ఊరికి వెళ్లిపోయినారు. బస్సు ఎక్కేముందు మనుమరాలితో, "మళ్లీ వస్తాను. అప్పుడు గడియారం నువ్వు చదువు, సరిగ్గా ఉందో లేదో నేను చెబుతాను" అన్నారట. ఆ అమ్మాయి ఆ వారమే సెలవుదినమున మరల పాతబస్తీకి వెళ్లినది. ఈసారి స్నేహితురాండ్రను నలుగురిని వెంటబెట్టుకొని, మెట్రోలో, సున్నా టిక్కెట్టు బస్సులో. గుల్జార్ హౌజ్ దగ్గర వారిని నిలబెట్టి ముందుగా గడియారము చూపించినదట.